సెవియా వెళ్తున్నారా? ముందు భోజనం టైము మార్చుకోండి

వారం సెలవులో మాడ్రిడ్, బార్సిలోనా, వాలెన్సియా, గ్రనాదా అన్నీ చుట్టేసి వచ్చే ప్యాకేజీలు బెంగళూరులో ఎవరిని అడిగినా ఇస్తారు. సగం సెలవు బస్సులో, మిగతా సగం హోటల్ లాబీలో సూట్‌కేసులకి కాపలా కాస్తూ గడిచిపోతుంది. మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్‌ వాళ్లు ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే. ఒక ఊరు పట్టుకోండి, నాలుగు రాత్రులు అక్కడే ఉండండి. ఆ ఊరు సెవియా అయితే మరీ మంచిది. ఇంగ్లిష్ మ్యాపుల్లో సెవిల్ అని ఉంటుంది. స్పెయిన్‌కి దక్షిణాన ఉన్న అందలూసియా ప్రాంతానికి రాజధాని. చూడాల్సినవి చాలావరకు నడిచే దూరంలోనే ఉంటాయి, తిండి మరీ ఖరీదు కాదు, శాకాహారులకీ ఏదో ఒక దారి దొరుకుతుంది.

అయితే మన భోజనం టైముని మాత్రం ఇక్కడే వదిలేసి వెళ్లాలి. పన్నెండున్నరకి లంచ్, ఏడున్నరకి డిన్నర్ అంటూ బయల్దేరితే మీకు తెరిచి కనిపించేవి బయట ఫొటోల మెనూ పెట్టుకున్న టూరిస్టు హోటళ్లే. సెవియాలో మధ్యాహ్న భోజనం రెండుకీ నాలుగుకీ మధ్య, రాత్రి భోజనం తొమ్మిదికి. నాలుగున్నర నుంచి ఎనిమిది దాకా మంచి చోట్ల పొయ్యి ఆర్పేసి ఉంటుంది. చాలామంది చూసే వాటి లిస్టు ఒకటి, తినే వాటి లిస్టు ఇంకొకటి రాసుకుంటారు, రోజు మధ్యలో రెండూ ఢీకొంటాయి. వాళ్ల భోజనం వేళల్ని ముందు కాగితం మీద రాసుకుని, ఖాళీల్లో కోటలూ చర్చిలూ పెట్టుకోండి. టెన్షన్ సగం పోతుంది.

మా ఇంటి సంగతి కూడా చెప్పాలి, ఈ సలహాలన్నీ అక్కణ్ణుంచి పుట్టినవే కాబట్టి. మావారు గొడ్డుమాంసం తప్ప ఏదైనా తింటారు. నేను చేపలు, రొయ్యల దాకా. మా అత్తయ్య గారు గుడ్డు కూడా ముట్టరు, పైగా మోకాళ్ల నొప్పులు. ముగ్గురికీ సెవియాలో కడుపు నిండింది.

బయల్దేరే ముందు

జూలై, ఆగస్టుల్లో అక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. రెంటచింతల ఎండల్లో పెరిగినవాళ్లకి అదో లెక్కా అనిపించొచ్చు. కానీ కొన్నేళ్లు బెంగళూరులో ఉన్నాక మన ఒంటికి ఆ అలవాటు పోయి ఉంటుంది. మార్చి రెండో సగం, ఏప్రిల్, అక్టోబరు, నవంబరు హాయిగా ఉంటాయి. వసంతంలో వెళ్తే రెండు తేదీలు చూసుకోండి. ఈస్టర్ ముందు వారం సెమానా సాంతా అని పెద్ద ఊరేగింపులు జరుగుతాయి. మామూలుగా దాని తర్వాత రెండు వారాలకి ఫెరియా అనే జాతర. వాటి కోసమే వెళ్లేవాళ్లు సరే, మిగతావాళ్లకి గది అద్దెలు, మూసేసిన వీధులు రెండూ కష్టమే.

వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. ఆఖరి గడువు పదిహేను రోజులు గానీ, అంతదాకా ఆగకండి. వేసవి సెలవుల ముందు అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం. వేలిముద్రలు బెంగళూరులోనే ఇవ్వొచ్చు. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, సర్వీస్ చార్జీ విడిగా. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోల కవరేజీతో ఉండాలి. వీసా ఉన్నా, 2025 అక్టోబరు నుంచి యూరప్ సరిహద్దుల్లో ఫొటో, వేలిముద్రలు తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది. ఇమిగ్రేషన్ క్యూకి అదనంగా టైము ఉంచుకోండి. మాడ్రిడ్‌లో దిగాక రైలెక్కే ఆలోచన ఉంటే విమానానికీ రైలుకీ మధ్య నాలుగు గంటలు వదలమని నేను చెప్పేది అందుకే.

బెంగళూరు నుంచి నేరుగా విమానం లేదు. దోహా, దుబాయ్, ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్, ఎటు నుంచైనా ఒకసారి మారాల్సిందే. లండన్ మీదుగా టికెట్ చౌకగా కనిపిస్తే, కొనే ముందు ట్రాన్సిట్ వీసా సంగతి చూసుకోండి. నాకు నచ్చిన దారి మాడ్రిడ్ దాకా విమానం, అక్కణ్ణుంచి రైలు. అటోచా స్టేషన్ నుంచి సెవియాలోని సాంతా హుస్తా స్టేషన్‌కి సుమారు రెండున్నర గంటలు. స్పెయిన్‌లో మొదటి హైస్పీడ్ లైను ఇదే, 1992లో సెవియాలో జరిగిన ప్రపంచ ఎక్స్‌పో కోసం వేశారు. ఒకటికి మించి కంపెనీలు రైళ్లు నడుపుతాయి కాబట్టి ముందుగా కొంటే ధర బాగా తగ్గుతుంది. రైలెక్కే ముందు సామాను స్కానింగ్ ఉంటుంది, అరగంట ముందే స్టేషన్‌లో ఉండండి.

ఇప్పుడు సూట్‌కేసు. పాలతో, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తీసుకెళ్లకూడదు. అంటే నెయ్యి సీసా, పాలకోవా, పూతరేకులు, గోంగూర మటన్ పచ్చడి అన్నీ ఇంట్లోనే. పచ్చి కరివేపాకు కూడా వద్దు. కందిపొడి, కారప్పొడి, మాగాయ లాంటివి బాగా ప్యాక్ చేసి చెక్-ఇన్ సామానులో వేసుకోండి. పెద్దవాళ్లు వెంట ఉంటే చిన్న వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోవడం మేలు. మెర్కదోనా లాంటి సూపర్‌మార్కెట్‌లో బియ్యం, కూరగాయలు, పెరుగు దొరుకుతాయి. పెరుగు డబ్బా మీద 'నతురాల్' అని ఉందో లేదో చూడండి. పక్కనే 'అసూకరాదో' అని ఉంటే చక్కెర కలిపినది, పెరుగన్నం పాయసం అయిపోతుంది. ఆదివారం సూపర్‌మార్కెట్లు చాలావరకు మూసేస్తారు కాబట్టి శనివారమే కొనిపెట్టుకోండి.

యూపీఐ మాట మర్చిపోండి. ఫారెక్స్ కార్డు దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది, చిన్న బార్లకి కాస్త చిల్లర ఉంచుకోండి. యూరో అంటే వంద రూపాయలు అనుకుని లెక్కేసుకుంటే మనసులో గుణించడం తేలిక, అసలు రేటు కాస్త అటూ ఇటూ ఉంటుంది.

పొద్దున పని

వేసవి టైములో అక్కడికీ మనకీ మూడున్నర గంటల తేడా, చలికాలంలో నాలుగున్నర. కాబట్టి మొదటి రెండు రోజులు తెల్లవారుజామునే మెలకువ వస్తుంది. కిటికీ తీస్తే చీకటి, వీధిలో మనిషి ఉండడు. భౌగోళికంగా స్పెయిన్ ఇంగ్లండ్ కిందే ఉన్నా, 1940లో గడియారాన్ని ఒక గంట ముందుకి జరిపి జర్మనీ టైములో కలిపేశారు, మళ్లీ వెనక్కి తిప్పలేదు. అందుకే అక్టోబరులో ఎనిమిదింటికి గానీ వెలుతురు రాదు. భోజనాలు అంత ఆలస్యం కావడానికి అదీ ఒక కారణం. లేచి కంగారు పడకుండా గదిలో కాఫీ పెట్టుకోండి.

తొమ్మిదికి ఏ మూల బార్ అయినా టిఫిన్‌కి తెరిచి ఉంటుంది. బార్ అంటే మన ఎంజీ రోడ్డు బార్లు అనుకోకండి. పొద్దున కాఫీ, బడికెళ్లే పిల్లలు, పేపరు చదివే తాతలు, రాత్రికి బీరు, అన్నీ అదే గదిలో. అడగాల్సింది 'తోస్తాదా కోన్ తొమాతె'. కాల్చిన రొట్టె మీద తురిమిన టమాటా, ఉప్పు, ధారాళంగా ఆలివ్ నూనె. గుడ్డు లేదు, పాలు లేవు, అత్తయ్య గారికి రోజూ అదే. మీద ఉప్పులో ఊరబెట్టి ఆరబెట్టిన పంది మాంసం ముక్కలు వేసే అలవాటుంది కాబట్టి 'సిన్ హమోన్', అంటే హామ్ లేకుండా, అని ముందే అనండి. కాఫీలో 'కొర్తాదో' అడగండి, చిన్న గ్లాసులో చిక్కటి డికాక్షన్, కొంచెం పాలు. ఫిల్టర్ కాఫీ మనిషికి ఎక్కువ పాలు పోసే 'కఫె కోన్ లేచె' కన్నా ఇదే నచ్చుతుంది. మొత్తం మనిషికి నాలుగైదు యూరోలు.

పొద్దున తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంటన్నర దాకా పెద్ద వాటికి. అందులో మొదటిది అల్కాసర్ రాజభవనం. టికెట్ అధికారిక వెబ్‌సైట్‌లో రోజు, టైము ఎంచుకుని ముందే కొనాలి. పాస్‌పోర్ట్ వెంట ఉంచుకోండి. ఉదయం మొదటి స్లాట్ తీసుకుంటే గ్రూపులు దిగకముందే లోపలి ప్రాంగణాలు చూడొచ్చు. 1360ల్లో పేద్రో అనే క్రైస్తవ రాజు ఈ భవనాన్ని ముస్లిం పనివాళ్ల చేత వాళ్ల శైలిలోనే కట్టించుకున్నాడు. గోడల మీద అరబిక్ అక్షరాల్లో ఆ రాజునే సుల్తాన్ అని పొగిడారు. ఎవరు ఎవరితో యుద్ధం చేశారో బడిలో చదువుకున్నదానికీ, ఆ గోడలకీ పొంతన కుదరదు. రాయబారుల హాలు గుమ్మటం కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా పైకి చూడండి. తర్వాత తోటలు, నెమళ్లు ఉంటాయి. రెండున్నర గంటలు కచ్చితంగా పడుతుంది. భవనం పై అంతస్తు ఇప్పటికీ స్పెయిన్ రాజకుటుంబం వాడుకునేదే, దానికి వేరే టికెట్. మొదటిసారి వెళ్లేవాళ్లు అది వదిలేసినా నష్టం లేదు.

కెథెడ్రల్ పక్కనే, కానీ అదే పొద్దున రెండూ పెట్టుకోకండి. కాళ్లు, కళ్లు రెండూ అలిసిపోతాయి. అది ఇంకో రోజు పదకొండింటికి. ఆదివారం మధ్యాహ్నం దాకా ప్రార్థనలు, సందర్శకులకి ప్రవేశం తర్వాతే. మసీదు ఉన్న చోట 1401లో ఈ చర్చి కట్టాలని నిర్ణయించారు. ప్రపంచంలోని గోథిక్ చర్చిల్లో ఇదే అతిపెద్దది. లోపల కొలంబస్ సమాధి ఉంది. కస్తీయా, లెయోన్, అరగోన్, నవార్రా అనే నాలుగు రాజ్యాల పేరున నలుగురు మనుషుల విగ్రహాలు శవపేటికని భుజాల మీద మోస్తూ ఉంటాయి.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు హిరాల్దా గోపురం ఎక్కలేమని కిందే కూర్చుంటారు. అది 12వ శతాబ్దపు మసీదు మినారు. పైకి మెట్లు కాదు, 35 ఏటవాలు బాటలు. ప్రార్థనకి పిలిచే ఆయన గుర్రం మీద ఎక్కేందుకు అలా కట్టారని చెప్తారు. చివర్లో మాత్రం కొన్ని మెట్లు. కిటికీ ఉన్న ప్రతి మలుపులో ఆగుతూ పోతే పెద్దవాళ్లూ ఎక్కగలరు. అత్తయ్య గారు ఎక్కారు, మావారికన్నా ముందే. అల్కాసర్, కెథెడ్రల్ కలిపి మనిషికి ముప్ఫై యూరోల దాకా అవుతుంది. కెథెడ్రల్ టికెట్‌తోనే ఎల్ సల్వదోర్ చర్చి కూడా చూడొచ్చు.

బయటికి రాగానే రోజ్‌మేరీ రెమ్మ చేతిలో పెట్టబోయే ఆడవాళ్లు కనిపిస్తారు. తీసుకున్నారో, మీ చెయ్యి పట్టుకుని జాతకం చెప్పి డబ్బులడుగుతారు. చేతులు జేబులో పెట్టుకుని నవ్వి ముందుకి నడవండి.

కెథెడ్రల్‌కీ అల్కాసర్‌కీ మధ్యలో ఇండీస్ ఆర్కైవ్ అని ఒక భవనం ఉంది. ఉచితం, అరగంట చాలు, ఎవరూ వెళ్లరు. 1503 నుంచి 1717 దాకా అమెరికా ఖండంతో స్పెయిన్ వర్తకమంతా చట్టప్రకారం సెవియా నుంచే జరగాలి. ఆ కాగితాలు ఇక్కడ దాచారు. టమాటా, బంగాళాదుంప, మొక్కజొన్న, మిరప, అన్నీ ఆ ఖండం నుంచి సముద్రం దాటినవే. మన దగ్గరికి మిరపని పోర్చుగీసువాళ్లు తెచ్చారు, అది వేరే దారి. అయినా గుంటూరు జిల్లా కోడలిగా నేను ఆ గదుల్లో కాస్త మర్యాదగా నడిచాను.

రెండింటికి అసలు భోజనం

రోజుకి ఒక్క పెద్ద భోజనం పెట్టుకుంటే అది మధ్యాహ్నమే పెట్టుకోండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా చాలా హోటళ్లలో 'మెను దెల్ దియా' ఉంటుంది. ఒక మొదటి వంటకం, ఒక రెండోది, రొట్టె, తాగడానికి ఏదో ఒకటి, చివర్లో తీపి లేదా కాఫీ, అన్నీ కలిపి ఒకే ధర. పన్నెండు నుంచి పదహారు యూరోలు. గుడిసందు లాంటి టూరిస్టు వీధులు దాటి, ఆఫీసుల వాళ్లు తినే చోటు చూసుకోండి. మెనూ చేత్తో రాసిన నల్లబల్ల మీద స్పానిష్‌లో మాత్రమే ఉంటే మంచి లక్షణం.

పెద్ద ఫొటోతో పసుపు అన్నం పెనం కనిపిస్తే దాటిపొండి. పాయెయా వాలెన్సియా వంట, మధ్యాహ్నం పూట కనీసం ఇద్దరికి, ఆర్డర్ ఇచ్చాక వండేది. పది నిమిషాల్లో బల్ల మీదకి వచ్చిందంటే ఎప్పుడో ఫ్రిజ్‌లో పెట్టిందే. పైగా అసలు వాలెన్సియా పాయెయాలో కుందేలు మాంసం వేస్తారు.

తిన్నాక గదికి వెళ్లి పడుకోండి. సిగ్గు పడక్కర్లేదు, ఊరంతా అదే చేస్తుంది. రెండు నుంచి ఐదు దాకా చిన్న దుకాణాలు ఎలాగూ మూసే ఉంటాయి. నిద్ర రానివాళ్లకి లలితకళల మ్యూజియం ఉంది, మురీయో, సుర్బరాన్ చిత్రాలు పెద్ద పెద్దవి. యూరప్ పౌరులకి ఉచితం, మనకి ఒకటిన్నర యూరో. సోమవారం సెలవు.

ఆరింటికి లేచి బయటికి. ప్లాసా దె ఎస్పాన్యాకి అదే సరైన వేళ, సాయంత్రపు ఎండ ఇటుకల మీద పడుతుంది. 1929 ఎగ్జిబిషన్ కోసం అనీబాల్ గొన్సాలెస్ అనే ఆర్కిటెక్టు కట్టాడు. అర్ధచంద్రాకారంలో గోడ పొడవునా స్పెయిన్ జిల్లాల పేరుతో 48 అరుగులు, ఒక్కోదాని మీద ఆ జిల్లా కథ రంగు పలకల్లో. ఇంకో సాయంత్రం నది దాటి త్రియానాకి వెళ్లండి. ఒకప్పుడు కుండలు, పలకలు చేసేవాళ్లు, నావికులు, జిప్సీలు ఉన్న పేట. పలకలు కొనాలంటే అక్కడే కొనండి. త్రియానా మార్కెట్ మాత్రం పొద్దున పూటే, ఆదివారం కూరగాయల అంగళ్లు తెరవరు. మార్కెట్ కింద, ఒకప్పుడు చర్చి వాళ్లు మతం తప్పారంటూ జనాన్ని విచారించిన కోట శిథిలాలున్నాయి. చెక్క గొడుగుల్లా ఉండే సేతాస్ కట్టడం ఎక్కడానికి టికెట్ ఉంది. నాకు కింద నుంచి చూస్తే చాలనిపించింది.

రాత్రి తాపాస్, ఎలా అడగాలి

తాపా అంటే చిన్న పళ్లెం, మేదియా రాసియోన్ అంటే సగం, రాసియోన్ అంటే నలుగురికి. ముగ్గురు వెళ్తే తాపాలే చెప్పండి. ఒక్కోటి మూడు నుంచి ఐదు యూరోలు. రెండు తిని, నచ్చితే అక్కడే ఇంకోటి, లేకపోతే లేచి పక్క బార్. ఒకేచోట పది ఐటమ్స్ చెప్పి బల్ల నింపడం మన అలవాటు, అక్కడ రుచి చెడుతుంది. తాగేదానితో పాటు తాపా ఊరికే ఇస్తారని ఎవరైనా చెప్తే, అది గ్రనాదా మాట. సెవియాలో కొనాల్సిందే. తొమ్మిదిన్నరకి అన్నిచోట్లా రద్దీ కాబట్టి ఎనిమిదిన్నరకి తలుపు తీయగానే వెళ్లి కౌంటర్ దగ్గర నిలబడండి. లోపల కౌంటర్ దగ్గర ఒక ధర, బయట కుర్చీలో ఇంకో ధర ఉండొచ్చు. రొట్టె అడక్కుండానే పెట్టి బిల్లులో వేస్తారు, వద్దంటే తీసేస్తారు. టిప్ తప్పనిసరి కాదు. నీళ్ల సీసా కొనకండి, 'ఆగ్వా దెల్ గ్రీఫో' అంటే కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలని 2022లో చట్టం చేశారు.

ఒక్క బార్ పేరే చెప్పమంటే ఎల్ రింకోన్‌సియో. 1670 నుంచి ఉంది. మీరు తిన్నది తిన్నట్టు కౌంటర్ చెక్క మీద సుద్దముక్కతో రాసి, చివర్లో కూడి, గుడ్డతో తుడిచేస్తారు. పైన వేలాడే పంది తొడలు చూసి శాకాహారులు కంగారు పడతారు, ముందే చెప్పి తీసుకెళ్లండి. అక్కడ తినాల్సింది 'ఎస్పినాకాస్ కోన్ గర్బాన్సోస్', పాలకూర, శనగలు, వెల్లుల్లి, జీలకర్ర, ఎర్ర మిరప పొడి, ఆలివ్ నూనె. మొదటి ముద్దకే అత్తయ్య గారు "ఇది మన వంటే కదమ్మా" అన్నారు. ఊళ్లో చాలా బార్లలో ఇది దొరుకుతుంది. ఒక్కో చోట ఒక్కో చిక్కదనం.

శాకాహారులకి ఇంకేం ఉన్నాయంటే, 'బెరెన్‌హేనాస్ కోన్ మియెల్', వంకాయ ముక్కలు వేయించి చెరకు పానకం పోస్తారు. వేడిగా ఉన్నప్పుడే తినేయాలి. 'పిమియెంతోస్ దె పద్రోన్', చిన్న పచ్చిమిరపకాయలు నూనెలో వేయించి రాళ్ల ఉప్పు చల్లుతారు. పదింట్లో ఒకటి కారంగా ఉంటుందని వెయిటర్ హెచ్చరిస్తాడు. మనవాళ్లకి ఆ ఒక్కటి కూడా కారం అనిపించదు, ఆయన మనసు నొప్పించకుండా ఒకసారి ఊఫ్ అనండి. గస్పాచో చల్లటి టమాటా పానీయం, ఎండలో ప్రాణం లేచొస్తుంది. సల్మొరేహో దానికన్నా చిక్కగా ఉంటుంది, మీద గుడ్డు, హామ్ చల్లుతారు కాబట్టి రెండూ వద్దని చెప్పాలి. గుడ్డు తినేవాళ్లకి తోర్తియా, బంగాళాదుంపల మందపాటి అట్టు.

జాగ్రత్త పడాల్సినవి కొన్ని. 'వెర్దూరాస్', కూరగాయలు, అని రాసి ఉన్నా లోపల హామ్ ముక్కలు ఉండొచ్చు. సలాడ్‌లో ట్యూనా చేప వేస్తారు, వాళ్ల లెక్కలో అది మాంసం కిందకి రాదు. పప్పు, చిక్కుడు గింజల వంటల్లో పంది సాసేజ్ దాదాపు ఖాయం. క్రోకేతాస్ అనే చిన్న వేపుడు ఉండల్లోనూ చాలాసార్లు హామ్ ఉంటుంది. కాబట్టి 'వెజిటేరియన్' అని ఊరుకోకుండా మొత్తం చెప్పండి: 'సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ పెస్కాదో, సిన్ అతూన్, సిన్ వేవో'. మాంసం, హామ్, చేప, ట్యూనా, గుడ్డు, ఏవీ లేకుండా. ఫోన్‌లో స్పానిష్‌లో టైప్ చేసి చూపిస్తే ఇంకా నయం. వేపుళ్ల నూనె చేపలకీ కూరగాయలకీ ఒకటే అయ్యుండొచ్చు. అది పట్టింపు ఉన్నవాళ్లు వంకాయ వేపుడు మానేసి పాలకూర శనగలు, గస్పాచో, టమాటా రొట్టె మీద ఉండటం మంచిది.

మాంసం తినేవాళ్లలో గొడ్డుమాంసం వద్దనుకునేవాళ్లు 'తెర్నేరా', 'వాకా', 'బుయెయ్', 'తోరో' అన్న పేర్లు గుర్తుపెట్టుకోండి. 'కోలా దె తోరో' ఇక్కడ చాలా పేరున్న వంటకం, ఎద్దు తోక. 'సెర్దో' పంది, 'పోయో' కోడి, 'కొర్దేరో' గొర్రె. 'సొలొమీయో అల్ విస్కీ' అని వెల్లుల్లి సాస్‌తో వచ్చేది పంది మాంసమే. నాలాంటి చేపల వాళ్లకి 'కసోన్ ఎన్ అదోబో' తప్పనిసరి. సొరచేప జాతి చేపని వెనిగర్, వెల్లుల్లి, జీలకర్రలో నానబెట్టి వేయిస్తారు. చిన్న కటిల్‌ఫిష్, రొయ్యలు కూడా బాగుంటాయి.

తీపికి చుర్రోస్, చిక్కటి చాక్లెట్‌లో ముంచుకుని. సెవియాలో కొందరు వాటినే కలెంతీతోస్ అంటారు. పిండి, నీళ్లు, ఉప్పు, అంతే, గుడ్డు మామూలుగా వేయరు. చాక్లెట్‌లో పాలు ఉంటాయి.

వీధి పొడవునా చెట్లకి నిగనిగలాడే నారింజలు కనిపిస్తాయి. కోసుకోకండి, నోట్లో పెట్టలేనంత చేదు. మార్చి చివర్లో, ఏప్రిల్‌లో వాటి పూల వాసన మాత్రం ఊరంతా ఉంటుంది.

ఫ్లమెంకో, కోర్దొబా

ఫ్లమెంకోకి డిన్నర్‌తో కలిపి అమ్మే టికెట్ వద్దు. తిండీ అంతంతే, ఆటా అంతంతే. గంటసేపు ఆట ఒక్కటే ఉండే చిన్న హాలు చూడండి, పాతిక యూరోల దగ్గర దొరుకుతుంది. ఏడింటి షో అయితే తర్వాత తాపాస్‌కి సరిగ్గా సరిపోతుంది. మైకు లేని చోటైతే మరీ మంచిది. పాటగాడు గొంతు చించుకుని పాడుతుంటే లయకి చప్పట్లు కొట్టాలనిపిస్తుంది, కొట్టకండి. ఆ చప్పట్లు అక్కడ ఒక వాయిద్యం, తప్పు పడితే వాళ్లకి ఇబ్బంది. ఈ కళని నిలబెట్టిన జిప్సీల పూర్వీకులు వాయవ్య భారతం నుంచి వెళ్లినవాళ్లు. స్పెయిన్‌లో వాళ్ల ప్రస్తావన 1425 కాగితాల్లో మొదట కనిపిస్తుంది. అత్తయ్య గారు కాళ్ల తాళం విని మనసులోనే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నావిడ.

నాలుగు రోజుల్లో ఒక పూట కోర్దొబా అనే పక్క ఊరికి ఇవ్వొచ్చు. హైస్పీడ్ రైల్లో ముప్పావు గంట. అక్కడ చూడాల్సింది 8వ శతాబ్దంలో మొదలుపెట్టిన మసీదు, 850కి పైగా స్తంభాలు, మధ్యలో తర్వాత కట్టిన చర్చి. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో ఉదయం ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా మామూలుగా ఉచిత ప్రవేశం ఉంటుంది, తొలి రైలు పట్టుకుంటే అందుతుంది. వెళ్లే ముందు రోజు వెబ్‌సైట్‌లో టైము సరిచూసుకోండి. సల్మొరేహో పుట్టిల్లు కూడా అదే ఊరు కాబట్టి, రెండింటికి అక్కడే భోంచేసి వెనక్కి రండి.

తిరుగు ప్రయాణానికి ఇంటికి కొనాల్సింది 'తోర్తాస్ దె అసేయితె'. ఆలివ్ నూనె, సోంపు వేసిన పల్చటి కరకరలాడే బిళ్లలు, ఒక్కోటి మైనం కాగితంలో చుట్టి ఉంటుంది. గుడ్డు, పాలు మామూలుగా ఉండవు, అయినా అట్ట మీద పదార్థాలు చదవండి. అదే సరుకు సూపర్‌మార్కెట్లో చౌక, ఎయిర్‌పోర్ట్‌లో కొనకండి. ఆలివ్ నూనె డబ్బా చెక్-ఇన్ సామానులోకి. పలకలు, తోలు వస్తువులు లాంటివి కొన్నప్పుడు దుకాణంలో టాక్స్ రీఫండ్ ఫారం అడగండి. స్పెయిన్‌లో దానికి కనీస బిల్లు షరతు లేదు. మాడ్రిడ్ ఎయిర్‌పోర్ట్‌లో దీవా అనే మిషన్ దగ్గర ఫారం స్కాన్ చేయాలి. సామాను చెక్-ఇన్‌లో వేసేయక ముందే ఆ పని చేయండి, కొన్న వస్తువులు చూపించమని అడగొచ్చు.